పాలసీ పెట్టారు, సిస్టమ్‌కి రాలేదు

ఆఫీసు కంప్యూటర్లనీ యూజర్లనీ ఒకే చోటు నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో గ్రూప్ పాలసీ (చాలా సిస్టమ్‌లకి ఒకేసారి పెట్టే సెట్టింగ్స్) పెట్టాక "ఇంకా రాలేదండీ" అని ఫోన్ వస్తే చాలామంది ముందు జీపీఅప్‌డేట్ ఫోర్స్ (పాలసీని వెంటనే తెప్పించే gpupdate /force కమాండ్) కొడతారు. తొందరుంటే కొట్టండి. కానీ సిస్టమ్ తనంతట తానే 90 నిమిషాలకోసారి, పైన మరో అరగంట లోపు తేడాతో, పాలసీ తెచ్చుకుంటుంది. రెండు గంటలు దాటినా రాలేదంటే ఎన్నిసార్లు ఫోర్స్ కొట్టినా రాదు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్, ఫోల్డర్ రీడైరెక్షన్ మాత్రం వేరు. అవి రీస్టార్ట్ లేదా లాగిన్ అప్పుడే పడతాయి.

రానప్పుడు చూడాల్సింది రిపోర్టు. అదే సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి జీపీరిజల్ట్ స్లాష్ హెచ్ (gpresult /h, ఏ పాలసీలు పడ్డాయో చూపే కమాండ్) కొట్టి, పక్కన ఫైల్ పేరివ్వండి. మామూలు యూజర్‌గా తెరిస్తే కంప్యూటర్ భాగం రాదు, సగం రిపోర్టు చూసి తప్పుదారి పడతారు.

ఎక్కువసార్లు దొరికే కారణం చాలా చిన్నది: సిస్టమ్ ఆ పాలసీ లింక్ చేసిన ఓయూలోనే (ఆర్గనైజేషనల్ యూనిట్, అంటే యాక్టివ్ డైరెక్టరీలో సిస్టమ్‌లనీ యూజర్లనీ విడదీసి పెట్టే విభాగం) ఉండదు. డొమైన్‌లో (యాక్టివ్ డైరెక్టరీ నడిపే ఆఫీసు నెట్‌వర్క్‌లో) కొత్తగా చేరిన సిస్టమ్‌లు కంప్యూటర్స్ అనే కంటెయినర్‌లో పడతాయి. చూడ్డానికి ఫోల్డర్‌లా ఉన్నా అది ఓయూ కాదు, దానికి పాలసీ లింక్ చేయలేరు. రీడిర్‌సీఎంపీ (redircmp) కమాండ్‌తో ఒక్కసారి దారి మార్చి పెడితే కొత్తవన్నీ సరైన ఓయూలోకే వెళ్తాయి.

రెండోది అసలు తలనొప్పి. పాలసీ హెచ్‌ఆర్ వాళ్లకే పడాలని సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లో (పాలసీ ఎవరికి పడాలో చెప్పే చోట) ఆథెంటికేటెడ్ యూజర్స్‌ని (డొమైన్‌లో లాగిన్ అయ్యే యూజర్లు, కంప్యూటర్లు అన్నీ ఇందులోకే వస్తాయి) తీసేసి హెచ్‌ఆర్ గ్రూప్‌ని పెడతారు. ఒకప్పుడు ఇది పనిచేసేది. 2016 జూన్‌లో వచ్చిన ఎంఎస్16-072 అప్‌డేట్ తర్వాత యూజర్ సెట్టింగ్స్‌ని కూడా కంప్యూటర్ అకౌంటే చదివి తెస్తుంది. దానికి చదివే హక్కు లేకపోతే హెచ్‌ఆర్ గ్రూప్‌లో ఉన్నా లాభం లేదు. డెలిగేషన్ ట్యాబ్‌లో డొమైన్ కంప్యూటర్స్‌కి రీడ్ ఒక్కటే ఇవ్వండి, అప్లై వద్దు.

పాస్‌వర్డ్ పొడవు లాంటివి ఓయూకి లింక్ చేస్తే డొమైన్ అకౌంట్లకు పడవు, ఆ సిస్టమ్‌లలోని లోకల్ అకౌంట్లకే పడతాయి. ఒక గ్రూపుకి వేరే రూల్ కావాలంటే ఫైన్-గ్రెయిన్డ్ పాస్‌వర్డ్ పాలసీ వాడండి. సర్వర్ 2008 నుంచీ ఉంది.

పాలసీలు పడే వరుస లోకల్, సైట్, డొమైన్, ఓయూ. చివర పడిందే నెగ్గుతుంది. పై పాలసీకి ఎన్‌ఫోర్స్‌డ్ (తప్పనిసరి) పెడితే లెక్క తిరగబడుతుంది, కింద బ్లాక్ ఇన్‌హెరిటెన్స్ (పై పాలసీల్ని రానివ్వని సెట్టింగ్) ఉన్నా ఆగదు. ఈ రెండూ విచ్చలవిడిగా వాడిన డొమైన్‌లో ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో పెట్టినవాళ్లకే తెలీదు.

రాని పాలసీల సంగతి సరే, అందరికీ అందేది ఒకటుంది. పాత రోజుల్లో గ్రూప్ పాలసీలోని ప్రిఫరెన్సెస్‌లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది సిస్‌వాల్‌లోని (పాలసీ ఫైళ్లుండే షేర్డ్ ఫోల్డర్, SYSVOL) ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో సీపాస్‌వర్డ్ (cpassword) పేరుతో కూర్చుంటుంది. డొమైన్ యూజర్లెవరైనా చదవొచ్చు, దాన్ని విప్పే కీని మైక్రోసాఫ్టే బయటపెట్టింది. 2014 మే ప్యాచ్ కొత్తవి పెట్టనివ్వదు, పాతవాటిని తుడవదు. సిస్‌వాల్ మొత్తం ఆ పదం కోసం వెతకండి. దొరికితే ఫైల్ తీసేసి ఊరుకోకుండా ఆ పాస్‌వర్డ్‌ని ప్రతి సిస్టమ్‌లోనూ మార్చి, ఇకపై ల్యాప్స్‌కి (LAPS, ప్రతి సిస్టమ్‌కీ వేరే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి మారుస్తుండే మైక్రోసాఫ్ట్ టూల్) అప్పజెప్పండి.