పుచ్చిన మొద్దు కోసం సిరొంచ దాకా

సియాటిల్‌లో ఉండే మా చెల్లె కిందటేడు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. హో అనే వర్షారణ్యంలో పడివున్న పెద్ద మొద్దు. దాని వీపు మీద వరసగా పది పన్నెండు పిల్ల మొక్కలు. విరిగిన చోట కట్టె గోధుమరంగుకు తిరిగి, చాకుతో గీసినట్టు చిన్న చిన్న చదరాలుగా చీలివుంది. "అన్నా, ఇది ఎన్నేండ్ల కిందట పడ్డదో! మన దగ్గరైతే ఎన్నడో పొయ్యిలకు పోయేది" అని రాసింది.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. ఇరవై రెండేళ్లుగా శిలీంధ్రాల పాఠం చెప్తున్నాను గానీ, ఒక పెద్ద చెట్టు కూలి, ఎవరూ ముట్టుకోకుండా, పడ్డచోటే పుచ్చి మట్టిలో కలవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఎక్కడ చూస్తాం? మా గోదావరిఖనిలో చెట్టు కూలితే మధ్యాహ్నానికి కొమ్మలుండవు, రాత్రికి మాను ఉండదు.

సిరొంచలో ఉన్న చిన్న మేనమామకు ఫోన్ చేశాను. "అల్లాపల్లి దగ్గర ఒక అడవి తునక ఉన్నది. అండ్ల పుల్ల కూడ ముట్టనియ్యరు" అన్నాడు. కాసేపు ఆగి, "పుచ్చిన మొద్దు సూసేటందుకు గింత దూరమొస్తవార?" అని నవ్వాడు.

ఆగస్టు చివర్లో బయల్దేరాను. మంథని, కాటారం, కాళేశ్వరం. చిన్నప్పుడు కాళేశ్వరం రేవులో పడవెక్కి గోదావరి దాటితేనే అమ్మమ్మ ఇల్లు. ఇప్పుడు వంతెన మీద అయిదు నిమిషాలు కూడా పట్టదు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. బోర్డులన్నీ మరాఠీ, మాటలన్నీ తెలుగు. మామ కిరాణా కొట్లో లెక్కలు మరాఠీలో సాగుతాయి, తిట్లు మాత్రం తెలుగులోనే.

మర్నాడు పొద్దున్నే మామ బండి మీద అల్లాపల్లి దారి పట్టాం. దాదాపు వంద కిలోమీటర్లు. రేపనపల్లి దాటాక వెనక టైరు పంచరైంది. వానలో, అడవి మధ్యలో, సిగ్నల్ లేదు. నాకు టెన్షన్, మామకు చుట్ట. గంటన్నర తర్వాత ఒక ట్రాక్టరు వచ్చింది. దానిలో బండిని ఎక్కించి, మేం గడ్డి మోపుల మీద కూర్చుని అల్లాపల్లి చేరాం. టేకు డిపో ముందు నుంచి వెళ్తుంటే మామ ఛాతీ పొంగింది. 2023లో అయోధ్య గుడి తలుపులకు ఈ చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకే పోయింది కదా.

మామ చెప్పిన అడవి తునక పేరు గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి. ఉన్నది 6 హెక్టార్లే. 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. గార్డు మమ్మల్ని పైకీ కిందికీ చూసి, "జంతువులేం కనబడవు" అని ముందే చెప్పాడు. మొద్దు కోసం వచ్చామంటే మామ వైపు జాలిగా చూశాడు.

లోపల చీకటిగా ఉంది. తల వెనక్కి వాల్చినా కొస కనపడని టేకు మాన్లు. వాటి మధ్య, నేను వెతుక్కుంటూ వచ్చింది అడ్డంగా పడి ఉంది. టేకు కాదు, మరేదో చెట్టు. బెరడు ఊడిపోయి ఏ చెట్టో పోల్చుకోలేకపోయాను. మాను మందం నా నడుము దాకా వస్తుంది. ఒక పక్కన చెవితమ్మెల్లాంటి గట్టి కుక్కగొడుగులు మెట్లుమెట్లుగా అంటుకుని ఉన్నాయి. పైన తేనెరంగు, అంచున తెలుపు. మోకాళ్ల మీద కూర్చున్నాను, టార్చ్ వేశాను. చీలిన చోట కట్టె తెల్లబారి, తడిసిన తాటిపీచులా పోగులు పోగులుగా ఉంది. ఆ తెలుపు మీద ఇంకు పెన్నుతో గీసినట్టు సన్నటి నల్ల గీతలు వంకరటింకరగా సాగాయి, అచ్చం పటంలో జిల్లాల హద్దుల్లా. నిజానికి అవి హద్దులే. ఒకే మొద్దులో కాపురం పెట్టిన శిలీంధ్రాలు ఒకదాన్నొకటి రానీయకుండా కట్టుకున్న గోడలవి. ఇటు నాది, అటు నీది. వంతెన దాటి వచ్చినవాణ్ణి కదా, నవ్వొచ్చింది.

చెల్లె ఫొటోలోని గోధుమరంగు చదరాల కోసం ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. దొరకకపోవడానికి కారణం ఉంది. కట్టెలో ముఖ్యంగా ఉండేవి రెండు: పీచులాంటి సెల్యులోజ్, ఆ పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్. లిగ్నిన్‌ను కూడా కరిగించి తినేది తెల్ల కుళ్ళు. తర్వాత మిగిలేది తెల్లటి మెత్తటి పీచు. సెల్యులోజ్‌ను లాగేసుకుని లిగ్నిన్‌ను దాదాపు అలాగే వదిలేసేది గోధుమ కుళ్ళు. దానివల్ల కట్టె చదరాలుగా చీలుతుంది. కట్టెను కుళ్ళబెట్టే జాతుల్లో ఈ రెండో రకం పదో వంతు కూడా ఉండదు. కానీ వాటిలో ఎక్కువ భాగం సూదాకుల చెట్లను పట్టుకుని, ఉత్తరాది చల్లటి అడవుల్లోనే ఉంటాయి. హో అడవిలో ఉన్నవి స్ప్రూస్, హెమ్లాక్ లాంటి సూదాకుల చెట్లు, అందుకే ఆ చదరాలు. మన వేడి దేశపు వెడల్పాకుల చెట్ల దగ్గర తెల్ల కుళ్ళుదే రాజ్యం.

చల్లటి అడవుల్లో కూడా అంతటా ఒకే తీరు ఉండదు. యూరప్‌లో గుర్రపు డెక్క ఆకారంలో పెరిగే ఫోమెస్ అనే శిలీంధ్రం ఉంది. ఉత్తరాన బిర్చ్ చెట్టును, దక్షిణానికి వస్తే బీచ్ చెట్టును ఎక్కువగా పట్టుకుంటుంది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, 5,300 ఏళ్ల నాటి మనిషి దగ్గర నిప్పు రాజేయడానికి దాచుకున్న దాని ముక్క ఉంది.

ఇంతలో మామ ఒక పుల్ల తీసి మొద్దు అవతలి కొసను గీకాడు. మట్టి పొర ఊడిపడింది. లోపల చెదలు లుకలుకలాడాయి. "ఇగో, నీ గొడుగులకన్న ముందు ఇవి తింటున్నయి" అన్నాడు.

ఆ మాటతో ఇన్నేళ్లుగా అంటున్న ఒక పదం కొత్తగా వినిపించింది: పుట్టగొడుగు. పుట్ట మీది గొడుగు. మన చెదల్లో కొన్ని జాతులు కట్టెను, ఆకును నమిలి పుట్టలోపల తేనెపట్టులాంటి తోటలు కట్టి, వాటిలో శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. వానలకు ఆ తోటలోంచి పైకి లేచేవే మనం వండుకునే గొడుగులు. ఈ సేద్యం చేసే చెదలు ఆఫ్రికా, ఆసియాల్లో తప్ప ఎక్కడా లేవు. అమెరికా ఖండాల్లో లేవు, ఆస్ట్రేలియాలో లేవు. మా చెల్లె ఎంత తిరిగినా అక్కడ నిజమైన పుట్టగొడుగు దొరకదు.

వేడి చోట కట్టె తొందరగా పోతుందని లెక్కలు కూడా చెప్తున్నాయి. 2021లో ఆరు ఖండాల్లో 55 అడవుల్లో చేసిన పరిశీలన ప్రకారం ఎండుకట్టె ఏడాదికి ఉష్ణమండలంలో 28.2 శాతం, సమశీతోష్ణ అడవుల్లో 6.3 శాతం బరువు తగ్గుతోంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే సూక్ష్మజీవులు కట్టెను తినే వేగం రెండింతల దాకా పెరిగితే, చెదల వేగం ఆరింతలు దాటుతుందని 2022లో మరో పరిశోధన తేల్చింది. చల్లటి చోట కుక్కగొడుగు నింపాదిగా, ఒక్కతే కూర్చుని తింటుంది. ఇక్కడ పంక్తి భోజనం, పైగా ఆకు ఎత్తేసేవాళ్లు తొందరపెడుతుంటారు.

తిరుగు దారిలో నాన్న గుర్తొచ్చాడు. సింగరేణి బాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టడం ఆయన పని. కింద వెచ్చటి తడిగాలికి ఆ కట్టెల మీద దూదిలా తెల్లటి బూజు అల్లుకునేదట. సుత్తితో తట్టి చూసేవాళ్లు. 'ఖణ్' మంటే ఉంచుడు, 'దబ్' మంటే తీసుడు.

క్లాసులో నేను చెప్పే ఒక కథ ఉంది. లిగ్నిన్ కరిగించే శిలీంధ్రం ఇంకా పుట్టని కాలంలో చెట్లు కుళ్ళకుండా పేరుకుని బొగ్గయ్యాయని. 2012లో శిలీంధ్రాల జన్యువులను పోల్చినవాళ్లు తెల్ల కుళ్ళు దాదాపు 29 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందట మొదలైందని లెక్కగట్టాక ఈ కథకు బలం వచ్చింది. పిల్లలకూ భలే నచ్చేది. కానీ మా నాన్న బాయిలోని బొగ్గు పెర్మియన్ కాలానిది, ఆ శిలీంధ్రం పుట్టాక తయారైనది. మరి దీన్నెందుకు తినలేదు? చెట్లు పడ్డది నిల్వనీటి చిత్తడిలో. గాలి ఆడదు, పైగా కింద నేల కుంగుతూ పోయింది. 2016లో ఇంకొందరు వాదించింది కూడా అదే: బొగ్గుకు కారణం శిలీంధ్రం లేకపోవడం కాదు, నీరూ నేలా. వేలకొద్దీ పిల్లలకు పాత కథే చెప్పి పంపాను, ఇప్పుడేం చేయను!

ఇంకో తమాషా. ఆ కాలంలో ఈ గోదావరి లోయ అంటార్కిటికాతో కలిసి, దక్షిణాన చల్లటి చోట ఉండేది. అప్పుడిక్కడ పెరిగిన గ్లోసాప్టెరిస్ అనే, ఇప్పుడు లేని చెట్ల అడవి సమశీతోష్ణ అడవే. అంటార్కిటికాలో రాయిగా మారిన ఆ చెట్ల కట్టెలో తెల్ల కుళ్ళు తిన్న గుర్తులు దొరికాయి కూడా. చెల్లె ఉన్నలాంటి అడవి ఒకప్పుడు మా ఊరి కిందే ఉండేదన్నమాట. సిరొంచ చేరే ముందు వడదం శిలాజాల పార్కులో రాయైన మాన్లను కూడా చూశాం. అవి ఆ తర్వాతెప్పటివో, డైనోసార్ల కాలానివి. చీకటి పడుతోందని వాచ్‌మన్ పది నిమిషాల్లో పంపించేశాడు.

దారిలో ఒకామె మోదుగాకు దొప్పలో పుట్టగొడుగులు పెట్టుకుని కూర్చుంటే రెండు దొప్పలు కొన్నాం. రాత్రి అత్త ఎల్లిపాయ కారం వేసి కూర వండింది. వరండాలో తింటూ, నాన్న అలవాటు గుర్తొచ్చి పక్కనున్న గుంజను వేళ్లతో తట్టాను. 'దబ్' మంది.

మామ తినడం ఆపి వంగి చూశాడు. గుంజ అడుగు నుంచి సన్నటి మట్టి దారి పైకి పాకుతోంది.

"ఎండకాలం దాక ఆగుతదితియ్" అని, కూరగిన్నె తన వైపు జరుపుకున్నాడు.