ఇతరములు అనే గడి

నిద్ర పట్టట్లేదు, మళ్లీ ఆఫీసులో దోమల రకాలు రాసిచ్చే ఆ ఫారం గురించే. అన్నాల దగ్గర దోమల మాటెత్తితే అత్తయ్యగారు ఊరుకోరని మీకు తెలుసుగా, అందుకే ఇక్కడ.

పొద్దున అంతర్వేది వైపు ఓ కొబ్బరితోటలో పాత టైరులో నీళ్లు ట్రేలోకి వంపితే ఏడిస్ దోమ పిల్లల మధ్య ఎర్రగా, లావుగా ఒకటి కనబడింది. చూస్తుండగానే పక్కదాన్ని పట్టుకుని తినేసింది. టాక్సోరింకైటిస్! పెద్దయ్యాక కూడా కుట్టదు, పూలతేనె తాగి బతుకుతుంది. ఎంత సంతోషమేసిందో.

సాయంత్రం ఆఫీసులో చూస్తే ఫారంలో గడులు నాలుగే. అనాఫిలిస్, క్యూలెక్స్, ఏడిస్, ఇతరములు. "అందులో వేసెయ్యండమ్మా, ఎవరు చూస్తారు" అన్నారు సారు. సరే, అది కుట్టని దోమ. కానీ మాన్సోనియా కూడా అందులోనేనట! దాని లార్వా గాలి కోసం నీటిపైకి రాదు, అంతరతామర వేళ్లలోకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీలుస్తుంది. నీళ్లు తీసే గరిట, అదే డిప్పర్‌తో ముంచితే దొరకదు, మొక్కను వేళ్లతో సహా లేపి ట్రేలో జాడించాలి. మోకాలి లోతు బురదలో దిగి జాడించి తెచ్చింది "ఇతరములు" అయితే ఎలా? కొబ్బరి చిప్పలో నీళ్లు పారబోస్తే ఏడిస్ తగ్గుతుంది, మాన్సోనియా తగ్గాలంటే చెరువులో ఆకు తీయించాలి, మురుగు కాలవలో క్యూలెక్స్‌కి ఈ రెండూ పనికిరావు. బోదకాలు పురుగుల్లో ఒక రకాన్ని మోసేది మాన్సోనియా, ఇంకో రకాన్ని మోసేది క్యూలెక్స్.

నాన్నమ్మ కాలు గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో, మడతల్లో తడి లేకుండా పాత చీరముక్కతో అద్దడం నా పని. అద్దుతుంటే నొప్పంటుందేమోనని తన మొహమే చూసేదాన్ని. గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వస్తే కాలు ఎర్రబడి ముట్టుకోనిచ్చేది కాదు. పెళ్లిళ్లలో కుర్చీ కిందకి కాలు లాక్కుని చీర కుచ్చిళ్లు కప్పేసుకునేది. ఊరి నీళ్లు పడలేదనేవారు అందరూ. దోమ అని ఒక్కరూ అనలేదు.

ఇంత రాశాక సారు మీద కోపం కాస్త తగ్గింది. ఇంటింటికీ తిరిగి బోదకాలుకిచ్చే డీఈసీ మాత్రలు ఎదురుగా నిలబడి మింగించేది ఆయన మనుషులే, మాత్రకి ఏ దోమ తెచ్చిన పురుగైనా ఒకటే. ఆ పనికి నాలుగు గడులు చాలునేమో.

లేదు, నా పనికి చాలవు. రేపు ఫారానికి ఇంకో కాగితం గుచ్చి ఇస్తాను, ఏ చెరువు, ఏ మొక్క, ఏ దోమ అని. ఆకు తీయించండని పంచాయతీని అడగాలన్నా చేతిలో ఆ కాగితం ఉండాలిగా.