నాన్నకు 25కి 11 వచ్చాయి

"ఎంతొచ్చింది?"

2021 మే 2, రాత్రి పన్నెండు దాటింది. రిపోర్ట్ నా వాట్సాప్‌కి వచ్చి ఐదు నిమిషాలు కూడా కాలేదు, హైదరాబాద్ నుంచి బావ ఫోన్. కోవిడ్ రెండో వేవ్ నడుస్తున్న ఆ నెలలో ఎంతొచ్చింది అని ఎవరైనా అడిగితే సీటీ స్కోర్ గురించే, అంటే స్కాన్‌లో ఊపిరితిత్తులు ఎంత మేర పాడయినట్టు కనపడ్డాయో చెప్పే అంకె.

"11" అన్నాను.

"పదకొండా! మా ఆఫీసులో ఒకాయనకి 8 వస్తేనే ఐసీయూలో పెట్టారయ్యా."

వెనక సీట్లో నాన్న కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను. "ఎంతకి పదకొండు?" అని అడిగారు. 25కి అని చెప్పాను. కాసేపు లెక్క వేసుకున్నట్టున్నారు. "అంటే నూటికి 44. 35 దాటితే పాసే కదరా" అన్నారు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు, లెక్క తప్పదు. ఈ పరీక్షలో మార్కులు ఎంత తక్కువొస్తే అంత మంచిదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయనకు జ్వరం మొదలైంది ఏప్రిల్ 26, సోమవారం. మాది తెనాలి. మూడో రోజు ముక్కులోంచి శాంపిల్ ఇచ్చాం. అదే రోజు మా డాక్టరు గారి దగ్గర నేనే నోరు తెరిచి అడిగాను, స్కాన్ తీయించేద్దామా అని. వీధిలో సగం మంది తీయించుకున్నారు మరి, టెస్ట్ రిజల్ట్ కన్నా ముందే. ఆయన కసిరారు. "మూడో రోజు తీస్తే ఏం కనపడుతుంది? ఏమీ లేదని వస్తుంది. అది పట్టుకుని మీ నాన్న ఇంట్లో అందరి మధ్యా కూర్చుంటాడు. పో, ఆక్సీమీటర్ కొనుక్కో."

కొన్నాం. మామూలు రోజుల్లో వెయ్యి కూడా ఉండనిది 2,800 పెట్టి. రోజుకు నాలుగుసార్లు వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో పుస్తకంలో రాసేవాణ్ణి: 97, 96, 96, 95. మే 1న రిజల్ట్ వచ్చింది, నెగెటివ్. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. దగ్గు మాత్రం ఆగలేదు.

మర్నాడు, అంటే ఏడో రోజు, డాక్టరు గారు ఆరు నిమిషాలు నడిపించి చూడమన్నారు. మా వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించాను. కూర్చున్నప్పుడు 95 ఉన్నది నడిచాక 91కి వచ్చింది. ఆయన ముఖంలో ఆయాసం ఏమీ లేదు, అదే నాకు భయం వేసింది. ఫోన్ చేసి చెబితే ముందు ఛాతీ ఎక్స్‌రే తీశారు. కింది భాగాల్లో ఏదో మసక. ఉందీ అనలేం, లేదూ అనలేం. అప్పుడు ఆయనే చీటీ మీద రాశారు: హెచ్ఆర్‌సీటీ చెస్ట్, అంటే ఛాతీకి సీటీ స్కాన్. టెస్ట్ నెగెటివ్, ఆక్సిజన్ నడిస్తే పడిపోతోంది, ఏడో రోజు. ఈ మూడూ కలిశాయి కాబట్టే అన్నారు. పాజిటివ్ కాగితం లేకపోతే రేపు బెడ్ కావాల్సొచ్చినా చాలాచోట్ల ముట్టుకోరని కూడా అన్నారు. (పాజిటివ్ రిపోర్ట్ లేకున్నా చేర్చుకోవాలని కేంద్రం మే 8న గానీ చెప్పలేదు.)

తెనాలిలో రెండు రోజుల వెయిటింగ్. సాయంత్రం గుంటూరు బయలుదేరాం. ఒక సెంటర్ ముందు రోడ్డుకి రెండు వైపులా కార్లు, ఆటోలు, ఒక ఆటోలో సిలిండర్‌తో సహా మనిషి. మా టోకెన్ 64, లోపల నడుస్తున్నది 31. ప్రభుత్వం అప్పటికే 3,000 మించి తీసుకోవద్దని చెప్పింది. కౌంటర్లో 4,500 అన్నారు. ఆ మాట ఎత్తితే "బయట చాలా సెంటర్లున్నాయి సార్" అని తర్వాత టోకెన్‌ని పిలవబోయారు. కట్టేశాను. ఆ రాత్రి గొడవ పెట్టుకునే ఓపిక ఎవరికుంది?

నాలుగు గంటలు ఎదురుచూశాం. స్కాన్ మాత్రం ఐదు నిమిషాలు పట్టలేదు. పీపీఈ వేసుకున్న కుర్రాడు, వీపు మీద స్కెచ్ పెన్‌తో పేరు రాసుకుని, ముందు పేషెంట్ పడుకున్న బల్లని తుడుస్తున్నాడు. మెడలో గొలుసు తీయమన్నాడు. ఇంజెక్షన్ ఏదీ ఉండదన్నాడు. వెల్లకిలా పడుకోబెట్టి చేతులు తలపైకి పెట్టించాడు. "పెద్దాయనా, మైకులో చెప్పగానే గట్టిగా ఊపిరి తీసుకుని బిగపట్టాలి. దగ్గు వచ్చినా ఆపుకోవాలి. కదిలితే బొమ్మ చెడిపోతుంది." తలుపు అవతల నేను నిలబడి ఉన్నాను. మైకులో "బిగపట్టండి" అని వినపడింది, వెంటనే నాన్న దగ్గు. మళ్లీ మొదలు. ఈసారి కుర్రాడు "రెడీనా పెద్దాయనా?" అని అడిగితే లోపలి నుంచి "రైట్ రైట్" అని వినపడింది. కుర్రాడు నవ్వాడు. ఆ సాయంత్రం అక్కడ నవ్విన మనిషిని అతన్నే చూశాను.

రిపోర్ట్ వచ్చేసరికి తెనాలి దారిలో ఉన్నాం. నైట్ కర్ఫ్యూ, పోలీసులు ఆపితే డాక్టరు చీటీ చూపించాను. ఇంటికొచ్చి తెల్లారేదాకా రిపోర్ట్‌లో ఒక్కో మాటా గూగుల్‌లో వెతికాను. గ్రౌండ్ గ్లాస్ ఒపాసిటీస్, క్రేజీ పేవింగ్, కోరాడ్స్ 5. డాక్టరు చూడకముందే రిపోర్ట్ మన ఫోన్‌కి రావడం సౌకర్యమే కావచ్చు. నాకైతే అది శిక్ష.

పొద్దున్నే డాక్టరు గారు ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి పెట్టి చూపించారు. ఊపిరితిత్తులు నల్లగా కనపడాలట, గాలి కాబట్టి. అంచుల వెంబడి, కింది వైపు, తెల్లటి మరకలు. "మీ బాత్రూం కిటికీకి గరుకద్దం ఉంటుంది చూడు, అవతలిది మసగ్గా తెలుస్తుంది. గ్రౌండ్ గ్లాస్ అంటే అదే. మరీ తెల్లగా గట్టిపడలేదు ఇంకా." కుడివైపు మూడు గదులు, ఎడమవైపు రెండు అనుకోమన్నారు. ఒక్కో గది ఎంత మేర పాడయిందో చూసి ఐదుకి మార్కులు వేస్తారు. పావు దాటి సగం లోపైతే 3, ముప్పావు దాటితే 5. నాన్నకు కుడివైపు 2, 1, 3. ఎడమవైపు 2, 3. మొత్తం 11. కోరాడ్స్ వేరే సంగతి: ఇది కోవిడే అనడానికి ఎంత అవకాశం ఉందో చెప్పేది. 5 అంటే చాలా ఎక్కువ అనుమానం. టెస్ట్ పాజిటివ్ ఉంటే 6 వేస్తారు.

"మరి పదకొండు ఎక్కువా సార్?"

"ఏ రోజు తీశాం? ఏడో రోజు. ఇది నిన్న రాత్రి తీసిన ఫొటో. ఎల్లుండి ఏమవుతుందో ఇందులో రాసుండదు." నాన్న చెయ్యి లాగి వేలికి ఆక్సీమీటర్ పెట్టారు. 94. "ఇదే పదకొండుతో 97 ఉన్న మనిషి ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఇదే పదకొండుతో 86 ఉన్న మనిషికి నిన్న బెడ్ వెతికాను. నేను చూసేది వేలు, ఊపిరి, రోజు. స్కోర్ ఆ తర్వాత."

బావ రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ గురించి ఫోన్లో అడిగితే డాక్టరు గారు ఫోన్ నాకే తిరిగిచ్చేశారు. స్టెరాయిడ్ కూడా వెంటనే మొదలుపెట్టలేదు. ఆక్సిజన్ తగ్గకముందే ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువన్నారు. బోర్లా పడుకోమన్నారు, పుస్తకంలో రాయడం ఆపొద్దన్నారు.

ఆ సాయంత్రమే టీవీలో ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా. ఒక సీటీ స్కాన్ 300, 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని, తేలికపాటి కోవిడ్‌కి తీయించొద్దని. అమ్మ నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. "మూడు వందల ఎక్స్‌రేలు కొట్టించావురా మనిషికి!" తర్వాత రేడియాలజిస్టుల సంఘం అది పాతకాలం లెక్కని, ఇప్పటి మిషన్లలో అయిదు నుంచి పది ఎక్స్‌రేలంతేనని ఖండించింది. లెక్క సంగతి పక్కన పెడితే, అవసరం లేకుండా తీయించొద్దన్న మాటలో నాకు తప్పు కనపడలేదు. లక్షణాలే లేనివాళ్లకి స్కాన్ తీస్తే వాళ్లలో కూడా 30, 40 శాతం మందికి మరకలు కనపడ్డాయని, మందులేవీ లేకుండానే పోయాయని కూడా గులేరియా అన్నారు. ఆ ముక్క అమ్మ వినలేదు. 300 దగ్గరే ఆగిపోయింది.

మే 5న, పదో రోజున, కూర్చున్న మనిషికే 92. మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ మొదలైంది కూడా ఆ రోజే. పదకొండున్నరకి డాక్టరు గారి నర్సింగ్ హోమ్‌లోనే ఒక మంచం దొరికింది. రెండు లీటర్ల ఆక్సిజన్, అప్పుడు స్టెరాయిడ్. నాన్న పక్క మంచం ఆయనకు స్కోర్ 7 అని వాళ్లబ్బాయి చెప్పాడు, ఆయనకు ఆక్సిజన్ నాన్న కన్నా ఎక్కువే పెట్టాల్సొచ్చింది. షుగర్ ఉంది, ఆలస్యంగా వచ్చారు, నాలుగో రోజు తీయించిన స్కాన్ చూసుకుని ధైర్యంగా ఉన్నారట. ఆ అబ్బాయి పదేపదే అదే మాట అనేవాడు, "ఏడేగా అన్నా వచ్చింది" అని.

10వ తేదీన ఇంటికొచ్చాం, 96తో. వచ్చిన రెండో రోజు నుంచే బావ మళ్లీ స్కాన్ పాట. ఎంత తగ్గిందో తెలియొద్దా అని. డాక్టరు గారిని అడిగితే నాన్నను మళ్లీ నడిపించి చూశారు, 94 దగ్గర ఆగింది. "మనిషి కోలుకున్నాక కూడా మరకలు వారాల తరబడి ఉంటాయి. ఇప్పుడు తీస్తే 13 అని వస్తుంది. మీ ఇంట్లో మళ్లీ ఏడుపులు. ఎవరికి లాభం?" జూలైలో ఒక ఎక్స్‌రే తీశారు, అంతే. కింద సన్నటి గీతలు రెండు తప్ప నల్లగానే ఉంది.

ఆ సీటీ ఫిల్మ్ రేషన్ కార్డు, ఇంటి కాగితాలతో కలిసి బీరువాలో ఉండిపోయింది. 2022 అక్టోబర్ 25 సాయంత్రం సూర్యగ్రహణం. డాబా మీదకి వెళ్లి చూస్తే నాన్న పడమర వైపు తిరిగి, ఆ ఫిల్మ్‌ని కళ్లకి అడ్డం పెట్టుకుని ఉన్నారు. దాంతో చూస్తే కళ్లు పోతాయని నేను అరిచేలోపే వెనక నుంచి అమ్మ వచ్చి లాక్కుంది.

"గ్రహణం పూట ఇదా మీకు దొరికింది? ఆ మూడు వందలు చాల్లేదా?"