స్కాన్ నార్మల్

పోపుల డబ్బా కింద పడితే తీద్దామని వంగాను. లేచేటప్పుడు తెరిచి ఉన్న కప్‌బోర్డు తలుపు మూల నడినెత్తిన తగిలింది. రక్తం రాలేదు. చిన్న బొప్పి కట్టింది, అంతే.

మూడో రోజు నుంచి మొదలైంది. లాప్‌టాప్ చూస్తే కడుపులో తిప్పుతుంది. ఫ్రిజ్ చప్పుడుకే చిరాకు. తలస్నానం చేస్తూ కళ్లు మూసుకుంటే పక్కకి తూలిపోతాను. సీటీ స్కాన్ నార్మల్. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం, స్కాన్‌లో కనపడకపోవచ్చని డాక్టర్ చెప్పినా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. "దిష్టి తగిలుంటుందమ్మా" అని గుంటూరు నుంచి అత్తయ్య. మా ఆయన చేత ఉప్పుతో దిష్టి కూడా తీయించుకున్నాను, దాచడమెందుకు! ఆఫీసు మీటింగుల్లో మాత్రం "బాగానే ఉంది" అనేదాన్ని.

మేముండేది నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో. షార్లెట్ మోటార్ స్పీడ్‌వే అనే కార్ రేసుల ట్రాక్ ఈ ఊళ్లోనే. ఎనిమిదేళ్లుగా నాస్కార్ కార్ రేసులంటే నాకు రేసు రోజున వినపడే రొద మాత్రమే. "డేల్ జూనియర్‌కి వచ్చింది కూడా ఇదే" అని థెరపిస్టు అన్నప్పుడు ఎవరాయన అని అడిగాను. ఈ ఊళ్లో అడగకూడని ప్రశ్న అది.

నాస్కార్ రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్‌ది మా పక్కనున్న కనాపొలిస్. 2001లో డేటోనా 500 రేసు చివరి ల్యాప్‌లో, తనూ రేసరే అయిన తండ్రి కారు క్రాష్ అయి చనిపోయాడు. అదే రేసుని కొడుకు 2004లో, 2014లో గెలిచాడు. 2016 జూన్‌లో మిషిగన్‌లో జరిగిన క్రాష్ తర్వాత కొన్ని వారాలకి ఒళ్లు తూలడం, చూపు నిలవకపోవడం మొదలై ఆ సీజన్‌లో చివరి 18 రేసులూ మానేశాడు. అంతకు ముందు కూడా తలకి తగిలిన దెబ్బల లక్షణాలు ఎవరికీ చెప్పకుండా ఫోన్లో రాసుకునేవాడట. అది విన్నాక నా "బాగానే ఉంది" గుర్తొచ్చి సిగ్గేసింది.

చీకటి గదిలో పడుకుంటే తగ్గుతుందనుకున్నాను. థెరపిస్టు చెప్పింది ఇంకోటి. గోడకి ఒక అక్షరం అంటించి, చూపు దాని మీదే ఉంచి, తల అటూ ఇటూ ఊపాలి. నేను 'అ' రాసి అంటించాను. మొదటి రోజు పది సెకన్లకే 'అ' నీళ్లలో పడ్డట్టు వణికి, రెండుగా చీలింది. సింకు దగ్గరికి పరిగెత్తాను. ఆ తర్వాత ఇండియన్ స్టోర్‌లో పప్పుల ప్యాకెట్ల వరసల మధ్య నడక. కందిపప్పు దాటి మినప్పప్పు దాకా వెళ్లేసరికి బండిని గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది.

జూనియర్ 2017 సీజన్ పూర్తిచేసి తప్పుకుని, 2018లో ఎన్‌బీసీ టీవీలో రేసుల కామెంటరీకి వచ్చాడు. షికాగోలాండ్ రేసు చివరి ల్యాప్‌లో లార్సన్ అనే రేసర్ లోపలి వైపు నుంచి దూసుకొచ్చి ఇంకో రేసర్ బుష్ కారు ముందుకి జారగానే "స్లైడ్ జాబ్!" అని అరిచాడు. ఆ వీడియో చూడలేను కాబట్టి ఫోన్ బోర్లా పెట్టి విన్నాను. తెర చూడకుండానే కార్లు ఎక్కడున్నాయో తెలిసింది. చాలా రోజులకి తలనొప్పి లేకుండా ఒక పని పూర్తిచేశాను.

నాలుగో నెలలో 'అ' కదలకుండా నిలబడింది. మే నెలాఖరు ఆదివారం, ఇక్కడి ట్రాక్‌లో కోకా కోలా 600 రేసు రోజు, సాయంత్రం పోపు వేస్తుంటే ఆ రొద వంటింట్లోకి వచ్చింది.

"తలుపు వేసెయ్యనా?" అన్నారు మా ఆయన, బాల్కనీ వైపు వెళ్తూ.

"అది కాదు, ఆ కప్‌బోర్డు తలుపు వెయ్యండి ముందు" అన్నాను.