820 గ్రాముల బాబు, రెండో తరగతి లెక్కలు: రిపోర్టు చేతికొచ్చేదాకా నా అనుభవం

మావాడికి చదువులో ఇబ్బంది ఎక్కడుందో తేల్చే అసెస్‌మెంట్ గొడవ నిన్నటితో ఒక కొలిక్కి వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

వాడు 26 వారాలకే పుట్టాడు, బరువు 820 గ్రాములు. వెయ్యి గ్రాముల లోపు కాబట్టి అత్యంత తక్కువ బరువు కింద లెక్క. కంటి రెటీనా పరీక్షలు, వినికిడికి బెరా, తలకు అల్ట్రాసౌండ్, అన్నీ గట్టెక్కాయి. రెండేళ్లప్పుడు బేలీ పరీక్ష (పసిపిల్లల ఎదుగుదలను కొలిచేది) చేశారు. ముందుగా పుట్టిన మూడు నెలలు తీసేసి చూస్తే వయసుకు తగ్గట్టే ఉన్నాడని, ఇక రానక్కర్లేదని ఫైలు మూసేశారు.

అసలు కథ రెండో తరగతిలో మొదలైంది. చదవడం గడగడా చదువుతాడు. కథ చెప్పడం మొదలుపెడితే పెద్దవాళ్లు కూడా లేవరు, ఆ విషయంలో నాకు కాస్త గర్వమే. కానీ బోర్డు మీది లెక్క వాడి నోట్సులోకి ఎక్కేలోపే టీచర్ తుడిపేస్తారు. పదుల కింద ఒకట్లు, ఒకట్ల కింద పదులు. రెండు పనులు ఒకేసారి చెబితే రెండోది మర్చిపోతాడు. మీటింగ్‌లో మిగతా తల్లిదండ్రులు వింటుండగానే, "బుర్ర ఉందండీ, ఒళ్లు వంచడు. ఇంట్లో గారాబం ఎక్కువైంది" అనేశారావిడ. నెలలు నిండకుండా పుట్టాడని చెప్పబోతే, "అదెప్పటి మాట!" అన్నారు. పక్కనున్నావిడ కిసుక్కున నవ్వింది. తల ఎత్తుకోలేకపోయాను.

పాత క్లినిక్‌కి ఫోన్ చేస్తే, రెండేళ్లప్పుడు నార్మలే కదా అన్నారు. రెండేళ్ల స్కోరు అంత గట్టి సాక్ష్యమా? అమెరికాలో నవజాత శిశువుల వైద్యురాలు మౌరీన్ హ్యాక్ బృందం వెయ్యి గ్రాముల లోపు పుట్టిన పిల్లల్నే గమనించి 2005లో ఫలితాలు ప్రచురించింది. సవరించిన వయసు 20 నెలలప్పుడు 39 శాతం మందికి బేలీలో 70 కన్నా తక్కువ (సగటు 100) వస్తే, ఎనిమిదేళ్లకు ఐక్యూ అంత తక్కువగా ఉన్నవాళ్లు 16 శాతమే. కాబట్టి అప్పుడు తక్కువ వచ్చినవాళ్లు కుంగిపోకండి. అలాగని నార్మల్ వచ్చిందని నిశ్చింతగానూ ఉండకండి. లెక్కలు, పని వేగం, చేతిరాత లాంటివి బడికి వెళ్లాకే బయటపడతాయి.

చివరికి దొరికిన సైకాలజిస్టు మొదట అడిగిందే పుట్టినప్పటి బరువు. ఐక్యూ పరీక్షలో మాటలకు సంబంధించిన భాగం సగటుకన్నా పైన, పని వేగం, వర్కింగ్ మెమరీ (విన్నది కాసేపు మనసులో పెట్టుకుని పని చేయడం) బాగా కింద. అన్నీ కలిపితే వచ్చిన అంకె మాత్రం నార్మల్! స్కూలువాళ్లు ఆ ఒక్క అంకె పట్టుకుని, పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైమ్ ఎందుకని వాదించారు. భాగాల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు మొత్తం స్కోరు చూడకూడదని సైకాలజిస్టు విడిగా రాసిచ్చాకే దిగొచ్చారు. ధ్యాస నిలవకపోవడం కూడా ఉందట. ఇలా పుట్టిన పిల్లల్లో గంతులు వేయకుండా, కూర్చున్నచోటే ధ్యాస జారిపోయే రకం ఎక్కువగా కనిపిస్తుందని చెప్పారు. అల్లరి చేయని పిల్లవాడి బాధ ఎవరికి పట్టింది?

డిశ్చార్జ్ సమ్మరీ ఎన్నేళ్లయినా దాచండి. రిపోర్టులో భాగాలవారీ స్కోర్లు లేకపోతే తీసుకోకండి. ట్యూషన్ పెట్టించమనేవాళ్లకు దణ్ణం పెట్టేయండి, నెమ్మదిగా రాసే పిల్లాడికి ఇంకో గంట లెక్కలు శిక్షే.

నిన్న ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. పరీక్షలకు అదనపు సమయం, బోర్డు చూసి రాసుకునే బదులు ప్రింట్ కాగితం. సోమవారం నుంచి చేతిరాతకు ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేతకావడానికి ఇచ్చే శిక్షణ). ఆ టీచర్ మాత్రం ఇంతవరకూ సారీ చెప్పలేదు.