మా మంచినీళ్ళ చెరువు పూడిక తీయించిన ఏడాది

కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడితే మా ఊళ్ళో ఆడవాళ్ళ కళ్ళన్నీ మంచినీళ్ళ చెరువు మీదే ఉంటాయి. రాజోలు నుంచి అంతర్వేది వెళ్ళే వైపు, కాలువకి చిట్టచివరి శివారు మాది. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు పై ఊళ్ళన్నీ తడిపాక మిగిలింది మా తూముకి వస్తుంది. దాంతోనే చెరువు నింపుకుని, జూన్‌లో మళ్ళీ కాలువ వచ్చేదాకా తాగాలి. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. చేతిపంపు నీళ్ళతో కందిపప్పు ఉడకదు.

2023 మే నెలలో చెరువు మోకాలి లోతుకి వచ్చేసింది. కుళాయి తిప్పితే పచ్చటి నీళ్ళు, పాకుడు వాసన. నేను ఆడవాళ్ళ పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యలో వీఓఏని, సంఘాల పుస్తకాలు రాయడం నా పని. ఆ నెల ఏ ఇంటి ఖర్చు రాసినా నీళ్ళ టిన్నుల పద్దు అయిదు వందలకి తగ్గలేదు. కూలి పని లేని నెలలో, పొదుపు కట్టలేకపోయిన ఇళ్ళలో కూడా అంతే. సమావేశంలో ఆ పద్దులు చదివి వినిపించాను. మన ఊరి పక్కనే రొయ్యల చెరువులు చేస్తున్న గ్రూపు ఉంది కదా, వాళ్ళని అడుగుదామన్నారు అందరూ.

ఆ గ్రూపు పేరు రాయను. రొయ్యల మేత, రొయ్యల ప్రాసెసింగ్, బియ్యం మిల్లులు, వంటనూనె, సోలార్ కరెంటు, ఇలా చాలా వ్యాపారాలున్నాయి వాళ్ళకి. మా చెరువుకి నీళ్ళు తెచ్చే చిన్న కాలువ, అదే మా బోదె, పక్కన ఉన్న పొలాలు లీజుకి తీసుకుని చెరువులు తవ్వారు. మేము ఒక తెల్లకాగితం మీద "మా గ్రామ ప్రజల దాహం తీర్చవలసిందిగా ప్రార్థన" అని రాసి, నలభై మంది సంతకాలు పెట్టి, చెరువుల దగ్గరి ఆఫీసులో ఇచ్చాం. రెండు నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

ఎందుకు లేదో అమలాపురంలో ఒక ట్రస్టు ఆయన చెబితే అర్థమైంది. ఆయన పదేళ్ళుగా కంటి శిబిరాలు, ఊళ్ళలో నీటి పనులు చేయిస్తున్నారు. మా కాగితం చదివి, "దానం అడిగినట్టు రాశారమ్మా. దీనికి చట్టం ఉంది. ఆ చట్టం లెక్కలోకి వచ్చేలా రాయాలి" అన్నారు. తర్వాత ఆయన ఓపిగ్గా చెప్పినదంతా నా నోటు పుస్తకంలో ఉంది.

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ ఏడాదికైనా దాని ముందు ఏడాది నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవర్ 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. దీన్నే సీఎస్ఆర్ అంటారు. దేనికి పెట్టాలో ఏడో షెడ్యూల్‌లో ఉంది. అందులో మొదటి అంశంలోనే రక్షిత మంచినీరు ఉంది. అది విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే ఈ లెక్క గ్రూపు మొత్తానికి కలిపి కాదు, దానిలో ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. మేము కాగితం ఇచ్చిన ఆఫీసు చెరువులు చేసే చిన్న కంపెనీది. దానికి ఆ పరిమితులే దాటలేదు, కాబట్టి దాని దగ్గర ఈ డబ్బే లేదు. మేత కంపెనీ, నూనె కంపెనీ తమ వాటా హైదరాబాదులో గ్రూపు పెట్టిన ఫౌండేషన్‌కి ఇస్తాయి. అడగాల్సింది అక్కడ. ఇంకో సంగతి, మా సమాఖ్య నేరుగా ఆ డబ్బు తీసుకోలేదు. పని చేయించే సంస్థకి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లుండాలి, ఇలాంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నంబరు తప్పనిసరి. ట్రస్టుకి అది ఉంది. వాళ్ళు పని చేయించేట్టు, మేము ఊరి తరఫున దగ్గరుండి చూసుకునేట్టు మాట్లాడుకున్నాం.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేశాం. ఎక్కడ నీళ్ళు పడుతున్నారు, ఏ నెలలో ఎంత ఖర్చవుతోంది, ఎవరు మోస్తున్నారు. గ్రామసభ తీర్మానం అయింది. ఈ పనులు మాకు అలవాటే కాబట్టి సాఫీగా సాగిపోయాయి. చిక్కంతా డిసెంబరులో ఫౌండేషన్ నుంచి సీఎస్ఆర్ అధికారి వచ్చినప్పుడు మొదలైంది.

ఆయన మంచి మనిషి, ఎండలో గట్టు చుట్టూ తిరిగి చూశారు. కానీ ఆయన చేతిలో అప్పటికే ఒక బొమ్మ ఉంది. నీళ్ళలో ఉప్పు తీసే ఆర్వో ప్లాంటు, ముందు గ్రూపు బోర్డు, కార్డు పెడితే బిందె నిండే యంత్రం. "మేడమ్, ఇలాంటివి చాలా ఊళ్ళలో పెట్టాం. ఆరు వారాల్లో అయిపోతుంది" అన్నారు. నేను వద్దన్నాను. వద్దనడానికి గొంతు వణికింది, ఎందుకంటే ఇస్తానన్నదాన్ని కాదంటే అసలే పోతుందేమోనని భయం.

నా బలం ఒక్కటే, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబు కాగితం. కాలువ పారేటప్పుడు మా చెరువు నీళ్ళ టీడీఎస్, అంటే లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, 190 మిల్లీగ్రాములు. తాగునీటికి 500 లోపుంటే మంచిదని భారతీయ ప్రమాణం. గోదారి నీళ్ళు తియ్యటివి, వాటిలో ఉప్పు తీయడానికి ఏముంది? మా నీళ్ళకున్న జబ్బు మురికి, పాకుడు, క్రిములు. పైగా ఆర్వో తీసుకున్న నీళ్ళలో చాలా భాగాన్ని బయటికి నెట్టేస్తుంది. మే నెలలో చుక్క చుక్క దాచుకునే ఊళ్ళో ఆ నీళ్ళు మురుగు కాలువ పాలు చెయ్యాలా? మాకు కావలసింది చెరువులో పూడిక తీసి లోతు పెంచడం, ఏళ్ళ తరబడి మూలపడ్డ ఫిల్టరు బెడ్డు, అంటే నీళ్ళని ఇసుకలోంచి వడకట్టే తొట్టి, బాగుచేయడం.

ఫిల్టరు బెడ్డు ఎందుకు పనిచేయడం లేదో ఆ రోజే అక్కడే తెలిసింది. మాతో వచ్చిన నీటి సరఫరా విభాగం అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, బెడ్డులోంచి పిడికెడు ఇసుక తీసి, నా మంచినీళ్ళ సీసాలో వేసి, నీళ్ళు పోసి గట్టిగా ఊపి గట్టు మీద పెట్టారు. అందరం చుట్టూ నిలబడి చూశాం. ముందు సీసా అంతా టీ రంగు. కాసేపటికి ఇసుక అడుగుకి దిగింది. దాని మీద వేలెడు మందాన బూడిదరంగు ఒండ్రు మెల్లగా పేరుకుంది. "అదిగో, కడగని ఇసుక పోసేశారు. ఆ మట్టి సందులన్నీ మూసేసింది" అన్నారు ఏఈ గారు. సరైన ఇసుక సన్నగా, ఒకే తీరు గింజతో, శుభ్రంగా కడిగి ఉండాలట. నీళ్ళు దాంట్లోంచి గంటకి జానెడు కూడా దిగకూడదట, అంత నెమ్మదిగా దిగితేనే పైన సన్నటి జీవపొర ఏర్పడి క్రిముల్ని తినేస్తుంది. ఆ పొర మందమై నీళ్ళు దిగడం తగ్గితే పైపైన రెండు, మూడు సెంటీమీటర్ల ఇసుక గీకి తీసేయాలి. కరెంటు అక్కర్లేదు, ఆర్వోలోలా వడకట్టే పొర (మెంబ్రేన్) మార్చక్కర్లేదు, గీకడానికి పార ఉంటే చాలు. సీఎస్ఆర్ అధికారి ఆ సీసాని ఫోటో తీసుకున్నారు. మా ప్రతిపాదన మొదటి పేజీలో తర్వాత ఆ ఫోటోయే వేశారు.

మిగిలింది మార్చి 31 గొడవ. డబ్బు ఆ ఆర్థిక సంవత్సరంలో ఖర్చవ్వాలి, ఆర్వో అయితే అయిపోతుంది, చెరువు పని అవ్వదు. పూడిక తీయాలంటే చెరువు ఎండాలి. కాలువ కట్టేసిన రోజుల్లో ఊరికున్న నీళ్ళే ఆ చెరువు, దాన్ని ఏప్రిల్‌లో ఎండబెట్టడం కుదరదు. మే చివరలో నీళ్ళు అడుగంటాక, కాలువ వదిలేలోపు చేసేయాలి. ఇక్కడ మమ్మల్ని కాపాడింది ట్రస్టు ఆడిటరు గారు. కంపెనీ డైరెక్టర్ల బోర్డు ఈ పనిని "కొనసాగుతున్న ప్రాజెక్టు"గా ఆమోదిస్తే, ఖర్చు కాని సొమ్ముని ఏడాది ముగిసిన 30 రోజుల్లో విడి బ్యాంకు ఖాతాలో వేసి, తర్వాత మూడేళ్ళలోపు వాడుకోవచ్చని నిబంధన చూపించారు. ఏ పనికైనా మార్చిలోపు అని కంగారు పెట్టే ఊళ్ళవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తొందరలో పెట్టిన యంత్రాలు తుప్పుపట్టిపోవడం మా చుట్టుపక్కల చాలా చూశాను.

ఆస్తి ఎవరి పేరున ఉండాలన్నది కూడా తేల్చుకోవాలి. సీఎస్ఆర్ డబ్బుతో కట్టినదాన్ని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు. మాది పంచాయతీ పేరునే ఉంచాం. ఇసుక గీకే వంతు సంఘాలది, నెలనెలా ఇంటికి ఇరవై రూపాయలు. 2024 ఫిబ్రవరిలో మంజూరు కాగితం వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా చెరువులోకి నీళ్ళు వచ్చే బోదెలోకే ఆ గ్రూపు రొయ్యల చెరువుల తూము కూడా ఉంది. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టేయడం, అయ్యాక ఆ నీళ్ళన్నీ బోదెలోకి వదిలేస్తారు. అలా వదిలిన వారం మా తూము దగ్గర టీడీఎస్ 190 కాస్తా 1,400 దాటిపోయేది. నేను మూడు పట్టుబడులకి రాసి పెట్టుకున్నాను. సమాఖ్య సమావేశంలో ఒక పెద్దావిడ లేచి, "చెరువు కడిగించుకుని అందులో ఉప్పు కలుపుకుంటామా అమ్మాయ్?" అంది. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

సీఎస్ఆర్ అధికారిని అడిగాను. "అది మా విభాగం కాదండి, ఆపరేషన్స్ వాళ్ళది" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తన వ్యాపారంలో తాను చేయాల్సిన పనిని కంపెనీ సీఎస్ఆర్ ఖర్చుగా చూపించుకోకూడదు. అయిదు హెక్టార్లు దాటిన రొయ్యల సాగుకి, వదిలే నీళ్ళు నిలబెట్టి శుభ్రం చేసే చెరువు ఉండాలని కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది వాళ్ళ బాధ్యత, మాకు చేసే ఉపకారం కాదు. మరి ఎవరిని అడగాలి?

ఆ గ్రూపులో పెద్ద కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ పెట్టింది. పర్యావరణానికి, చుట్టూ ఉన్న జనానికి కంపెనీ ఏం చేస్తోందో అందులో రాయాలి. మా అబ్బాయి ఫోన్లో దాన్ని తెరిచి ఇచ్చాడు. నీళ్ళు ఎక్కడ తోడారు, ఎక్కడ వదిలారు అని పట్టికలున్నాయి. ఇంకో పట్టికలో ఎవరెవరి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఉంది. "కమ్యూనిటీలు" అన్న వరసలో సున్నా.

ఆ సున్నా చూసి చాలాసేపు కదల్లేకపోయాను. మూడేళ్ళుగా ఫారం మేనేజరుకి నోటితో చెబుతూనే ఉన్నాం. గట్టు మీద నిలబడి అరిచిన రోజులూ ఉన్నాయి. నోటితో చెప్పింది ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలని తీర్మానం చేశాం. ఇస్తున్నవాళ్ళ మీదే ఫిర్యాదేమిటని పంచాయతీలో కొందరు ఆగమన్నారు. నేనూ ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. ఆ మార్చిలోనే ఇంకో పట్టుబడి నీళ్ళు బోదెలోకి వచ్చేశాయి. ఏప్రిల్ మొదటి వారంలో నివేదికలో ఉన్న ఫిర్యాదుల చిరునామాకి మెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపాం. తేదీల వారీగా టీడీఎస్ లెక్కలు, మీటరు చూపిస్తూ తీసిన ఫోటోలు, గ్రామసభ తీర్మానం జతచేశాం. సీఎస్ఆర్ అధికారికి కూడా ఒక ప్రతి పంపి, ఫోన్ చేసి చెప్పాను, చాటుగా చేశామని అనుకోకూడదని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మంచిదేనండి, ఇలా అయితేనే పైవాళ్ళు చూస్తారు" అన్నారు.

మే 24న చెరువులోకి పొక్లెయిన్ దిగింది. పదహారు రోజులు, రోజూ రెండు ట్యాంకర్ల నీళ్ళు ఊరికి తెప్పించుకున్నాం. తీసిన ఒండ్రుతో గట్టు ఎత్తు చేశాం, మిగిలింది కొబ్బరి తోటలకి పట్టుకుపోయారు. ఇసుక సంఘాల వాళ్ళమే దగ్గరుండి కడిగించాం, ప్రతి లోడుకీ సీసా పరీక్ష చేశాం. ఒక లోడు వెనక్కి పంపేశాం. జూన్ రెండో వారంలో తూము ఎత్తితే కొత్త నీళ్ళు వచ్చాయి. పిల్లలు గట్టు మీద పరుగులు పెట్టారు.

ఫిర్యాదుకి జవాబు ఆగస్టులో వచ్చింది. చెరువుల్లో ఒకదాన్ని నిలువ చెరువుగా మార్చారు, బోదెలోకి ఉన్న తూము మూసేసి, మురుగు కాలువ వైపు కొత్తది పెట్టారు. నవంబరు పట్టుబడి తర్వాత మా తూము దగ్గర 230 వచ్చింది. తర్వాతి నివేదికలో ఆ వరసలో ఒకటి అని ఉంది, పక్కన పెండింగు సున్నా.

ఇంకా ఉంది పని. బోదె పైభాగంలో మా ఊరి రైతులవే పద్నాలుగు ఎకరాల చెరువులున్నాయి, అందులో మా చిన్నాన్నది రెండెకరాలు. వాళ్ళ తూములు ఇప్పటికీ బోదెలోకే ఉన్నాయి. వాళ్ళకి ఏ నివేదికా లేదు, ఏ ఫౌండేషనూ లేదు. అందరికీ కలిపి ఒకే మురుగు బోదె తవ్వించాలని వచ్చే గ్రామసభలో అజెండా పెట్టించాను. చిన్నాన్న వస్తానన్నాడు.