ఒక్క మానే తోపైన చోటు

అనంతపురం నుంచి బత్తలపల్లి, ముదిగుబ్బల మీదుగా కదిరి చేరి, నరసింహస్వామి దర్శనం చేసుకొని గూటిబయలుకు బయలుదేరాము. దారి పొడవునా వేరుశనగ చేలు, బోడిగుట్టలే తప్ప ఆగి నిలబడదామంటే చిక్కటి నీడ లేదు. అందుకే ఎదురుగా పచ్చటి తోపు కనబడగానే ప్రాణం లేచివచ్చింది. అందులో ఎన్ని చెట్లున్నాయోనని లెక్కపెట్టబోయిన మా అమ్మాయితో, ఉన్నది ఒక్కటే చెట్టని చెబితే నమ్మలేదు.

తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల మేర పరుచుకొని ఉంది. ప్రపంచంలోకెల్లా విశాలమైన వృక్షంగా 1989లో గిన్నిస్ రికార్డులకెక్కింది. 15వ శతాబ్దంలో భర్త బాలవీరయ్యతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితి దగ్గర నాటిన గుంజే చిగురించి ఇంతటి మాను అయిందని ఇక్కడివారి నమ్మకం. చెట్టు కిందనే ఆమె గుడి ఉంది. పిల్లల కోసం దంపతులు మొక్కుకుంటారు, శివరాత్రికి జాతర చేస్తారు.

నన్ను కట్టిపడేసినవి మాత్రం ఊడలు. వెయ్యికి పైగా ఊడలు నేలను పట్టి, మానులై, కొమ్మల భారాన్ని మోస్తున్నాయి. అవి లేనిచోట అటవీశాఖ వారు స్తంభాలు ఆనించారు. పైనుంచి కొత్తగా దిగుతున్న లేత ఊడల కొనలను మట్టి, ఎరువు నింపిన వెదురు బొంగుల్లోకి మళ్లించి, నేల దాకా చెయ్యి పట్టుకొని నడిపించినట్లు దించుతున్నారు. గాలికి వేలాడే ఊడ ఎండిపోవచ్చు, లేదా పశువుల నోట పడవచ్చు.

"నేలను పట్టేదాకానే సార్ మా పని. పట్టినాక దాని బతుకు అది బతుకుతాది" అన్నాడు అక్కడ పనిచేసే పెద్దాయన.

అంతటి శ్రద్ధ చూసిన కళ్లతోనే, ఒక ఊడమాను మీద ఎవరో చెక్కిన రెండు పేర్లను చూడవలసి వచ్చింది. గాటు కొత్తది, అక్షరాల అంచున తెల్లటి పాలు ఇంకా గడ్డకట్టలేదు. ఇంత చల్లని నీడను అనుభవించినవారే ఆ పని చేశారంటే మనసు కలుక్కుమంది.

తిరిగి వచ్చేముందు పెద్దాయన మా అమ్మాయి చేతికి చెంబు ఇచ్చి, ఒక బొంగులో నీళ్లు పోయమన్నాడు. నీళ్లు ఇంకి మట్టి బెత్తెడు కుంగింది. ఆయన గుప్పెడు ఎరువు వేసి, ఊడ కొనను వేలితో నెమ్మదిగా లోపలికి సర్దాడు.